టేకు ప్లైతో గోడ గడియారం: కోత లేజర్‌ది, నునుపు చేతిది

లేజర్ కటింగ్ షాపు నుంచి ముక్కలు ఇంటికి తెచ్చి టేబుల్ మీద పోసినప్పుడు చాలామందికి ముఖం చిన్నబోతుంది. అంచులన్నీ బొగ్గు. ముట్టుకుంటే వేళ్లకు మసి. ఇల్లంతా కాలిన చెక్క వాసన. ఫోన్‌లో చూసి ముచ్చటపడిన గడియారానికీ దీనికీ పోలికే ఉండదు. ఆ తేడా అంతా చేతిపనిలోనే ఉంది. ఈ గడియారానికి లేజర్ మెషీన్ మీద పట్టేది పావుగంటో ఇరవై నిమిషాలో. ఉప్పు కాగితం, లక్క పాలిష్ పట్టుకుని మీరు కూర్చోవాల్సింది రెండు ఆదివారాలు. ఈ లెక్క ముందే తెలిస్తే సగంలో వదిలేయరు.

మనం చేయబోయేది 300 మి.మీ. వెడల్పున్న గుండ్రటి గోడ గడియారం. ముందు 4 మి.మీ. టేకు ప్లై డయల్. దాని వెనక ఒకదాని మీద ఒకటి అంటించిన మూడు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) రింగులు. డయల్ మీద లేత రంగు చెక్కతో కోసి అంటించిన తెలుగు అంకెలు, ౧ నుంచి ౧౨ దాకా. రెండు ముళ్లూ చెక్కవే. లోపల బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ మెషీన్. చెక్క పళ్ల చక్రాలతో, లోలకంతో నడిచే గడియారం వేరే సంగతి, దాని జోలికి మొదటిసారే వెళ్లకండి.

తెలుగు అంకెలంటే ఎవరు చదువుతారని మా ఇంట్లోనే అడిగారు. నిజమే, ౨కీ ౩కీ తేడా వెంటనే చెప్పలేనివాళ్లు మాలోనే ఉన్నారు. కానీ గడియారంలో మనం అంకె చదవం, ముల్లు ఎటు చూస్తోందో చూస్తాం. చార్మినార్‌కు నాలుగు వైపులా 1889లో గడియారాలు పెట్టారు. కింద బజారులో నడిచేవాళ్లు వాటి మీది అంకెలు చదివి టైమ్ చెప్పరు కదా. ముల్లు స్పష్టంగా కనిపిస్తే చాలు. కాబట్టి మీకు నచ్చిన అంకెలు పెట్టుకోండి, ముళ్లకూ డయల్‌కూ మాత్రం రంగులో బాగా తేడా ఉండేలా చూడండి.

మెషీన్ చేతికొచ్చాకే గీత

అందరూ చేసే తప్పు ముందు డిజైన్ గీసేయడం. నేనూ అదే చేశాను. ముందు క్వార్ట్జ్ మెషీన్ కొనండి. గడియారాలు రిపేరు చేసే కొట్లో అడిగితే ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: మెషీన్ నుంచి డయల్‌లోకి దూరే, మర ఉన్న గొట్టం ఎంత పొడుగు ఉందో. డయల్ మందం 4 మి.మీ., దాని వెనక రబ్బరు వాషర్, ముందు ఇత్తడి వాషర్, నట్టు, అన్నీ కలిపితే 8 మి.మీ. దగ్గరకు వస్తుంది. ప్లాస్టిక్ గడియారంలో వేసే పొట్టి గొట్టం మెషీన్ తెచ్చుకుంటే చెక్క డయల్‌లోంచి నట్టు పట్టేంత మర బయటికి రాదు. మరీ పొడుగుదైతే ముళ్లు డయల్‌కు దూరంగా గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తాయి.

ఇంటికి తెచ్చాక వెర్నియర్ క్యాలిపర్‌తో నాలుగు కొలతలు రాసుకోండి: గొట్టం మర బయటి వ్యాసం, మర పొడవు, మెషీన్ డబ్బా పొడవు వెడల్పులు, డబ్బా మందం. మామూలు మెషీన్ డబ్బా 56 మి.మీ. చదరం, 16 మి.మీ. మందం, గొట్టం 8 మి.మీ. లోపు ఉంటుంది. కానీ మీ చేతిలో ఉన్నదాన్నే నమ్మండి. మూడు రింగులు 6 మి.మీ. చొప్పున 18 మి.మీ. ఎందుకంటే, 16 మి.మీ. డబ్బా వాటి వెనక దాగి, గోడకు తగలకుండా ఇంకా 2 మి.మీ. మిగలాలి.

మెషీన్‌తో పాటు వచ్చే అల్యూమినియం ముళ్లు పారేయకండి. వాటితో పని ఉంది.

చెక్క

డయల్‌కు అచ్చమైన టేకు పలక ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మన హైదరాబాద్‌లో మే నెలలో గాలి ఎండుగడ్డిలా ఉంటుంది, ఆగస్టుకల్లా తలుపులు బిగుసుకుంటాయి. వెడల్పాటి పలక పోగుకు, అంటే చెక్క నార వెళ్లే దిశకు, అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. 300 మి.మీ. పలకను రింగుకు గట్టిగా అంటిస్తే ఏదో ఒక కాలంలో వంగుతుంది, లేదా చీలుతుంది. ప్లైలో పొరలు అడ్డం నిలువు పేర్చి ఉంటాయి కాబట్టి ఆ గొడవ చాలా తక్కువ. పైన టేకు పొర ఉన్న 4 మి.మీ. ప్లై ఏ పెద్ద ప్లైవుడ్ షాపులోనైనా ఉంటుంది. మొత్తం ఎనిమిది అడుగుల షీటు అక్కర్లేదు, రెండడుగుల ముక్క అడగండి. ముషీరాబాద్, రాణిగంజ్ వైపు తిరిగితే తునకలు కూడా దొరుకుతాయి.

వాటర్‌ప్రూఫ్ ప్లై మాత్రం తీసుకోకండి. దాని పొరల మధ్య ఉండే ఎర్రటి ఫినాలిక్ జిగురు లేజర్‌కు లొంగదు. పైపొర తెగి, మధ్యలో ఆగి, బొగ్గు మాత్రం బోలెడు పడుతుంది. లోపలి ఫర్నిచర్‌కు వాడే మామూలు గ్రేడే మనకు మేలు. గడియారాన్ని వానలో పెట్టం కదా.

అంకెలకూ ముళ్లకూ లేత రంగు పలచని ప్లై కావాలి. బర్చ్ గానీ పోప్లార్ గానీ అంకెలకు 3 మి.మీ., ముళ్లకు 2 మి.మీ. తీసుకోండి. రింగులకు 6 మి.మీ. ఎండీఎఫ్. దేన్నైనా కొన్నాక బల్లపరుపు నేల మీద పెట్టి చూడండి. మూల లేస్తూ ఉంటే అది లేజర్ బెడ్ (మెషీన్‌లో చెక్క పరిచే బల్ల) మీద కూడా లేస్తుంది. అక్కడ కిరణం గురి తప్పి కోత పూర్తి కాదు.

ఫైల్

కంప్యూటర్‌లో గీతలు గీసే ఇంక్‌స్కేప్ ఉచితం, దాంతోనే గీయొచ్చు. కోరల్‌డ్రా వచ్చినవాళ్లు అందులో గీయండి, షాపుల్లో ఎక్కువగా అదే ఉంటుంది.

డయల్ 300 మి.మీ. వృత్తం, మధ్యలో రంధ్రం. రింగులు బయట 296, లోపల 260. బయటి వ్యాసం 4 మి.మీ. ఎందుకు తగ్గించామంటే, డయల్ అంచు రింగు మీద చిన్న చూరులా వస్తుంది, పక్క నుంచి చూస్తే ఎండీఎఫ్ నీడలోకి పోతుంది. ప్రతి రింగులో మూడు చోట్ల 3 మి.మీ. రంధ్రాలు పెట్టండి, మూడింటి మధ్య దూరం సమానంగా ఉండకూడదు. అప్పుడు రింగు తిప్పి అంటించే అవకాశమే ఉండదు. ఆ రంధ్రాల్లోకి కబాబ్ గుచ్చే వెదురు పుల్లలు సరిగ్గా వస్తాయి. నా దగ్గర రంజాన్ నెలలో తెచ్చిన కట్ట మిగిలింది. మీ పుల్ల మందం మీరు కొలుచుకోండి. ఒక్క రింగులో మాత్రం 12 దగ్గర మేకుకు తగిలించే తాళంచెవి రంధ్రం పెట్టండి, కింద వెడల్పు, పైన సన్నం.

అంకెలు 34 మి.మీ. ఎత్తు, వాటి మధ్య బిందువులు కేంద్రం నుంచి 118 మి.మీ. దూరంలో, 30 డిగ్రీలకు ఒకటి. అంకెల్ని తిప్పకండి, అన్నీ నిటారుగా ఉంచండి. ఫాంట్ లావుగా ఉండేది కావాలి. పోస్టర్లకు వాడే రామభద్ర లాంటివి బాగుంటాయి. సన్నటి గీత 2 మి.మీ. కంటే తగ్గితే ౭ తోక, ౯ తల ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు విరిగిపోతాయి. మీరు ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు అంకెలు ఉన్నాయో లేదో ముందే టైప్ చేసి చూడండి.

షాపుకు పంపేముందు అక్షరాలన్నీ కర్వ్‌లుగా, అంటే ఫాంట్‌తో పని లేని ఉత్త గీతలుగా, మార్చాలి. ఇది మర్చిపోతే అంతే సంగతులు. వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంట్ ఉండదు. పాత కోరల్‌డ్రాలో యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురు అవుతాయి. అంకెలు ఎలాగో బతికినా, డయల్ మీద ఇంటిపేరో ఊరిపేరో రాయించుకుంటే అది చదవలేకుండా వస్తుంది.

ఇప్పుడు ఒక కిటుకు, ఈ వ్యాసంలో నాకు బాగా ఇష్టమైనది. అంకెల్ని ఫైల్‌లో జాగా కలిసొచ్చేలా ఇరికించకండి. గడియారంలో ఎక్కడ ఉంటాయో సరిగ్గా అలాగే, వృత్తంలో, మధ్యలో 8 మి.మీ. రంధ్రంతో సహా పెట్టండి. అంకెలు కోసి తీశాక మిగిలిన షీటు ఉంటుంది చూశారా, అదే మీకు అచ్చు. డయల్ మీద దాన్ని పెట్టి, మధ్య రంధ్రాల్లోంచి ఒక బోల్టు దూర్చి బిగిస్తే, ఏ అంకె ఎక్కడ అంటించాలో కొలవక్కర్లేదు, ఆ గుంటలో వేయడమే.

కోత మందం కూడా లెక్కలోకి తీసుకోవాలి. కిరణం పోయిన దారిలో కొంత చెక్క ఆవిరైపోతుంది, 3 మి.మీ. చెక్కలో సుమారు 0.2 మి.మీ. అందువల్ల రంధ్రాలు అంత పెద్దవవుతాయి, ముక్కలు అంత చిన్నవవుతాయి. 7.8 మి.మీ. గొట్టానికి 7.8 గీస్తే 8 వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. 8.5 గీస్తే గొట్టం ఆడుతుంది, ముళ్లు మధ్యలో నిలవవు.

చివరగా ఫైల్ మూలన 100 మి.మీ. చదరం ఒకటి గీసి పెట్టండి. ఇంక్‌స్కేప్‌లో దాచిన ఎస్‌వీజీ ఫైల్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒక్కోసారి కొలత మారిపోతుంది, 300 మి.మీ. డయల్ 400 అవుతుంది. స్క్రీన్ మీద మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొట్టేముందు ఆ చదరం కొలత చూడమని ఆపరేటర్‌కు చెప్పండి.

షాపులో

లేజర్ మెషీన్లు ఇప్పుడు నగరంలో చాలాచోట్ల ఉన్నాయి. పెళ్లి కార్డులు, షీల్డులు, యాక్రిలిక్ బోర్డులు చేసేవాళ్లను అడగండి. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో (వస్తువుల నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం) లేజర్ కట్టర్లతో పాటు చెక్కపని విభాగం కూడా ఉంది. సొంతంగా నేర్చుకోవాలనుకునేవాళ్లు అక్కడ ఎలా వాడుకోవచ్చో కనుక్కోండి. మామూలు షాపులో నిమిషాల లెక్కన తీసుకుంటారు. రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్తే మాట్లాడే తీరిక ఉంటుంది.

వెళ్లేటప్పుడు పలకకు రెండు వైపులా వెడల్పాటి మాస్కింగ్ టేపు అంటించి తీసుకెళ్లండి. గాలిబుడగలు లేకుండా, పాత ఏటీఎం కార్డుతో రుద్ది. పొగ మరకలన్నీ టేపు మీదే పడతాయి. కింది వైపు కూడా ఎందుకంటే, బెడ్ జల్లెడ మీద తగిలి వెనక్కి కొట్టిన కిరణం అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు పెడుతుంది.

టేపు మీద స్కెచ్ పెన్నుతో ఒక బాణం గీయండి, టేకు పోగు ఎటు వెళ్తోందో అటు. డయల్‌లో పోగు 12 నుంచి 6కు నిలువుగా ఉండాలి. ఒక షాపులో నేను ఆ మాట చెప్పలేదు. జాగా కలిసొస్తుందని అతను డయల్‌ను కాస్త తిప్పి కోశాడు. ఆ గడియారంలో మేకు రంధ్రం డయల్‌కే ఉంది, అది పోగుకు ఓ ఇరవై డిగ్రీల పక్కకు వచ్చింది. ఆ గడియారం ఇప్పటికీ మా బాల్కనీలో ఉంది, చూసినవాళ్లంతా తల ఒరగేసి చూస్తారు.

అసలు కోతకు ముందు అదే చెక్క మీద రెండు రూపాయల బిళ్లంత ముక్క, ఒక 7.8 రంధ్రం కొట్టించండి. ముక్క తనంతట తనే రాలాలి. వేలితో పొడవాల్సి వస్తే పవర్ పెంచమనో, వేగం తగ్గించమనో చెప్పండి. గడియారం మెషీన్ గొట్టాన్ని ఆ రంధ్రంలో అక్కడికక్కడే దూర్చి చూడండి. అందుకే మెషీన్ జేబులో పెట్టుకెళ్లాలి.

"అన్నా, అంకెలు తీసినంక ఆ షీటు పారెయ్యకు, నాకే ఇయ్యి."

"అది చెత్తనే గద సార్, ఏం జేస్తవ్?"

ఏం చేస్తామో చెప్పండి, లేదా చెప్పకండి, షీటు మాత్రం తెచ్చుకోండి. రెండోసారి నేను మాట్లాడుతూ నిలబడి మర్చిపోయాను. వెనక్కి వెళ్లేసరికి అది ముక్కలై సంచిలో ఉంది.

కోస్తున్నంతసేపూ ఎవరో ఒకరు లేజర్ మెషీన్ దగ్గరే ఉండాలి. ఎండీఎఫ్ నెమ్మదిగా కాలుతున్నప్పుడు చిన్న మంట లేవడం మామూలే, ఎవరూ చూడకపోతేనే ప్రమాదం. ఇంకొకటి, అంకెలు తెల్లగా ఉంటాయని పీవీసీ ఫోమ్ షీటు తీసుకెళ్లకండి. పీవీసీ కాలితే క్లోరిన్ ఉన్న విషవాయువు వస్తుంది, ఆపరేటర్ ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ రెండింటికీ చేటు.

మసి వదిలించడం

ఇక అసలు పని. పాత బట్టలు వేసుకోండి, బాల్కనీలో కూర్చోండి, ఎండీఎఫ్ రుద్దేటప్పుడు మాస్కు తప్పదు.

టేపు తీసేటప్పుడు పోగు వెంట లాగండి, అడ్డంగా లాగితే టేకు పొర పెచ్చులు లేస్తుంది. అంకెల మీద చిన్న చిన్న టేపు ముక్కలు ఉంటాయి. గోరుతో గీకకుండా ఇంకో టేపు ముక్క వాటిపై నొక్కి లాగితే వచ్చేస్తాయి.

డయల్ అంచు బొగ్గు మొత్తం పోవాలి. చెక్క దిమ్మకు 180 నంబరు ఉప్పు కాగితం చుట్టి, అంచుకు సరిగ్గా నిలువుగా పట్టుకుని, ఒకే దిశలో చుట్టూ తిరగండి. మొదటి రౌండు కాగితం నల్లబడుతుంది, రెండో రౌండుకు గోధుమరంగు వస్తుంది, మూడో రౌండులో ప్లై పొరలు చారలు చారలుగా బయటపడతాయి. లేత, ముదురు, లేత. అక్కడ ఆగండి. ఆ చారలే అందం. తర్వాత 240, 320. ఆఖరున పై కోణాన్ని 320 కాగితంతో రెండుసార్లు మెత్తగా నిమిరితే చాలు, వేలికి కోసుకునే పదును పోతుంది.

ముఖం మీద మాత్రం చెయ్యి తేలిక. టేకు పొర కాగితం కంటే కొంచెం మందం, అంతే. 240తో మొదలుపెట్టి, పోగు వెంటే, పది పన్నెండు సార్లు. ఎక్కడైనా లేత రంగు మచ్చ కనిపించిందంటే టేకు అయిపోయి కింది చెక్క వచ్చేసిందని అర్థం. దాన్ని దాచే పాలిష్ లేదు.

అంకెల సంగతి వేరు. వాటి అంచుల బొగ్గు నేను పూర్తిగా తీయను. లేత చెక్క చుట్టూ సన్నటి నల్ల గీత కాటుకలా ఉండి, దూరానికి అంకె తేటగా కనిపిస్తుంది. పాత టూత్ బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి పొడి మసిని మాత్రం వదిలించండి, వేలికి అంటకుండా ఉంటే చాలు. కానీ అంకె వెనక వైపు, జిగురు పట్టే చోట, మసి గానీ పొగ నూనె గానీ ఉండకూడదు. నేను మొదటిసారి అది పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి ౪ రాలిపోయి వంటింట్లో దొరికింది. తిప్పి చూస్తే జిగురంతా మసికే అంటి ఉంది, చెక్కకు కాదు. వెనక 180తో రెండు గీతలు గీకి అంటించండి.

ఏదైనా సందు, పెచ్చు ఉంటే బజారు పుట్టీ వద్దు. అదే టేకు రుద్దినప్పుడు రాలిన పొడిని ఫెవికాల్‌తో ముద్దలా కలిపి నింపండి. కొండపల్లి బొమ్మలవాళ్లు చింతగింజల పొడి జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు, అదే సూత్రం. ఆరాక కాస్త ముదురుగా కనిపిస్తుంది, పరవాలేదు.

అంటించడం

రింగుల్లోకి పుల్లలు దూర్చి, ఫెవికాల్ పలచగా రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చండి. చుట్టూ బట్టల క్లిప్పులు, పైన ఒక చెక్క, దాని మీద ఐదు కిలోల బియ్యం డబ్బా. తాళంచెవి రంధ్రం ఉన్న రింగు అన్నిటికంటే వెనక. రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఆ మూడు రింగుల అంచునూ కలిపి ఉప్పు కాగితంతో రుద్ది, ముదురు గోధుమరంగు వేసేయండి. కనిపించేది కాదు, ఎక్కువ కష్టపడక్కర్లేదు.

డయల్‌ను రింగుకు అంటించేటప్పుడు తాళంచెవి రంధ్రం 12 వైపు, పోగు నిలువు. ఈ రెండూ అద్దం ముందు పెట్టి ఒకసారి చూసుకోండి. బయటికి కారిన జిగురును వెంటనే తడిగుడ్డతో తుడవాలి. ఆరిన ఫెవికాల్ మరక ఉన్నచోట పాలిష్ పట్టదు, మర్నాడు తెల్లటి వేలిముద్రలా బయటపడుతుంది.

ఇప్పుడు అచ్చు షీటు. మధ్యలో బోల్టు బిగించి, ౧౨ గుంట సరిగ్గా పైకి వచ్చేలా తిప్పి, రెండు పక్కలా టేపు వేయండి. ఒక్కో అంకె వెనక అగ్గిపుల్లతో మూడు నాలుగు చుక్కలు జిగురు, అంచుకు దగ్గరగా పెట్టకండి. గుంటలో వేసి వేలితో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నొక్కండి. ౧౦, ౧౧, ౧౨ రెండేసి ముక్కలు, ౧౦లోని సున్నా తలకిందులైనా తెలియదు గానీ ౧ తెలుస్తుంది. అన్నీ అయ్యాక పావుగంటలోపే షీటు తీసేయండి, లేకపోతే అదీ అంటుకుంటుంది.

పాలిష్

మూడు దారులున్నాయి. పీయూ (పాలీయురేథేన్) స్ప్రే గట్టిది, కానీ ఇంట్లో కొట్టేది కాదు. అవిసె నూనె తేలిక, గుడ్డతో రాసి తుడిచేస్తే సరి, ఆరడానికి మాత్రం రోజులు పడుతుంది. నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

నేను లక్క వైపు. లక్క పెచ్చులు తెచ్చి, వాటి బరువుకు ఎనిమిదింతల పాలిష్ స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, మల్లు గుడ్డలో వడగట్టండి. దూదిని మల్లు గుడ్డలో చుట్టి నిమ్మకాయంత ఉండ చేసి, లక్కలో ముంచి పిండి, పోగు వెంట ఒక్కసారి లాగండి. వెనక్కి రుద్దకండి. పది నిమిషాల్లో ఆరుతుంది. అలా ఐదారు పూతలు, రెండు పూతలకొకసారి 400 కాగితంతో నిమరడం.

అంకెల దగ్గర జాగ్రత్త. లక్కలోని స్పిరిట్ అంచుల మసిని కరిగించి డయల్ మీద నల్లగా పులుముతుంది. అందుకే అంకెల అంచులకు ముందు సన్నటి బ్రష్‌తో ఒక పూత వేసి ఆరనిచ్చి, తర్వాతే ఉండ పట్టుకోవాలి. అంకెలు అంటించకముందే డయల్‌కు పాలిష్ వేస్తే ఈ బాధ ఉండదు కదా అనిపిస్తుంది. కానీ పాలిష్ మీద ఫెవికాల్ పట్టదు.

ముసురు పట్టిన రోజున లక్క వేయొద్దు. గాల్లో తేమ పూతలో చిక్కి, డయల్ మీద పొగమంచు కమ్మినట్టు తెల్లబడుతుంది. అలా అయితే ఎండ కాసిన రోజు వరకు ఆగి, ఉత్త స్పిరిట్ తడిపిన ఉండతో ఒకసారి లాగితే చాలావరకు పోతుంది.

ముళ్లు

నా మొదటి గడియారం రోజూ ముప్పావుకు ఆగేది. పది ముప్పావు, నాలుగు ముప్పావు, ఏదైనా సరే, ఆ దగ్గరే. బ్యాటరీ మార్చాను, మెషీన్ మార్చాను, ఆఖరికి వాస్తు అన్నవాళ్లూ ఉన్నారు. కారణం చాలా చిన్నది. పెద్ద ముల్లు 12 నుంచి 6 దాకా దిగుతుంది, బరువు సాయం చేస్తుంది. 6 నుంచి పైకెక్కాలి. 9 దగ్గర ముల్లు అడ్డంగా ఉంటుంది, దాని బరువంతా అప్పుడే మెషీన్ మీద గరిష్ఠంగా పడుతుంది. నా ముల్లు 3 మి.మీ. మందం, అరచేతిలో బరువు తెలిసేది.

కాబట్టి ముళ్లు 2 మి.మీ. చెక్కతో చేయండి. పెద్దది కేంద్రం నుంచి 105 మి.మీ., చిన్నది 75. వెడల్పు 8 మి.మీ. దాటనివ్వకండి. పెద్ద ముల్లుకు వెనక 30 మి.మీ. తోక పెట్టండి, తోక చివర కాస్త వెడల్పుగా. ఆ తోక అందానికి కాదు, తూకానికి. గుండుసూది మీద మధ్య రంధ్రం దగ్గర నిలబెట్టి చూడండి. మొన వైపు కొంచెం మొగ్గినా ఫరవాలేదు, ధబీమని పడకూడదు. మొన వైపు వెనక నుంచి 180 కాగితంతో పలచన చేస్తూ పోతే తూకం వస్తుంది.

చెక్కకు నేరుగా రంధ్రం కోసి గొట్టానికి తొడిగితే కొన్నాళ్లకు వదులవుతుంది. దాచిపెట్టిన అల్యూమినియం ముళ్లను తీసి, మధ్య గుండ్రటి భాగం చుట్టూ 20 మి.మీ. ఉంచి మిగతాది కత్తెరతో కత్తిరించండి. చెక్క ముల్లుకు కాస్త పెద్ద రంధ్రం ఉంచి, వెనక వైపు ఈ లోహపు ముక్కను రెండు గొట్టాల ఎపాక్సీ జిగురుతో అతికించండి. లోహపు రంధ్రం చెక్క రంధ్రం నడిమధ్యన ఉండాలి. జిగురు రంధ్రంలోకి కారితే అంతే, అగ్గిపుల్లకు కొంచెం వ్యాజిలిన్ రాసి రంధ్రంలో నిలబెట్టి అతికించండి.

బిగించడం, తగిలించడం

మెషీన్‌కు రబ్బరు వాషర్ తొడిగి వెనక నుంచి దూర్చండి, ముందు ఇత్తడి వాషర్, నట్టు. వేళ్లతో బిగించాక పానాతో పావు చుట్టు. అంతకు మించి బిగిస్తే డయల్ నలుగుతుంది.

బ్యాటరీ వేయకుండా చిన్న ముల్లు సరిగ్గా ౧౨ మీదకు నొక్కండి, పెద్దదీ ౧౨ మీదకే పెట్టి చిన్న నట్టు వేయండి. వెనక చక్రం తిప్పుతూ మూడు, ఆరు, తొమ్మిది గంటల దగ్గర చూడండి. పెద్ద ముల్లు ౧౨ మీదున్నప్పుడు చిన్నది అంకెకు సూటిగా ఉండాలి. తేడా ఉంటే చిన్న ముల్లును ఊడదీసి మళ్లీ నొక్కాలి. పెద్ద ముల్లు మొన అంకెల మీదుగా పోతుంది, అంకె ఎత్తు 3 మి.మీ. కాబట్టి కింద సందు ఉందో లేదో పన్నెండు అంకెల దగ్గరా పక్క నుంచి కన్ను పెట్టి చూడండి. ఒక విజిటింగ్ కార్డు తేలికగా దూరాలి.

సెకన్ల ముల్లు పెట్టాలా? సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వాళ్ల సంగీత గడియారం ముందు జనం గుమిగూడి, గంట కొట్టడానికి బయటికొచ్చే గడ్డపాయన కోసం ఎదురుచూస్తారు. అందులోనే ఇంకో బొమ్మ సుత్తితో సెకను సెకనుకూ కొడుతూ ఉంటుంది, దాన్ని చూస్తూ నిలబడితే టైమే తెలియదు. అంత వేడుక చేయగలిగితే పెట్టండి. పడకగదిలో టిక్కుటిక్కులకు నిద్రపట్టనివాళ్లు వదిలేయండి, రెండు ముళ్లతోనే డయల్ బాగుంటుంది. వదిలేస్తే మధ్య రంధ్రం మూసే చిన్న మూత నట్టు పెట్టండి.

మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ వేయండి. రీచార్జబుల్ వాటి వోల్టేజ్ 1.2 మాత్రమే, బరువైన ముల్లు ఎక్కడానికి అది చాలకపోవచ్చు. గోడకు ఎక్కించేముందు ఒక పగలూ రాత్రీ టేబుల్ మీద ఏదైనా డబ్బాకు ఆనించి నిలబెట్టి నడపండి, పడుకోబెట్టి కాదు. పడుకున్న గడియారంలో ముల్లు బరువు పరీక్షకు రాదు.

గోడ విషయంలో రెండే మాటలు: గ్యాస్ పొయ్యి పైన వద్దు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడే గోడ వద్దు. అపార్టుమెంటు గోడలో మేకు దిగదు, డ్రిల్లుతో రంధ్రం వేసి ప్లగ్గు కొట్టి స్క్రూ పెట్టండి. స్క్రూ తల తాళంచెవి రంధ్రంలో దిగాక గడియారాన్ని చేత్తో కొంచెం కిందికి లాగితే టక్కున కూర్చోవాలి.

వెనక రింగు మీద బ్యాటరీ వేసిన తేదీ పెన్సిల్‌తో రాయండి. ముప్పావు దగ్గర ముల్లు తడబడటం మొదలైతే ముందు ఆ తేదీ చూసుకోవచ్చు.